రేకు ఎగిరిపోతే నింద గోడకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తి వెళ్లాక, నెల తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. "పుట్టీ పెట్టి పెయింట్ వేయించామండీ, అప్పుడే పొక్కులు లేస్తున్నాయి." వానకూ గాలికీ దెబ్బతిన్న ఇళ్లు బాగుచేయడం నా పని. దగ్గర్లో దొరికే సున్నం, ఇటుక, తాటి దూలం, మట్టి గురించి రోజూ వినే మాటలే ఇవి.

అపోహ: సున్నం పాతకాలపు సరుకు, ప్లాస్టిక్ పెయింటే గట్టి.

వాస్తవం: రోజుల తరబడి నానిన గోడలోంచి తడి బయటికి రావాలి. ప్లాస్టిక్ పెయింట్ ఆ దారి మూసేస్తుంది, సున్నం మూయదు. ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి గోడకు అంటించండి. మర్నాటికి లోపలివైపు చెమ్మ పట్టిందా, పెయింట్ డబ్బా మూత తీయొద్దు. పాత పెయింట్ గీకేశాకే సున్నం వేయించండి, లేకపోతే పట్టదు. సున్నానికి పిడుగురాళ్ల దగ్గరే. సున్నంలో నీళ్లు పోసి చల్లార్చేటప్పుడు మాత్రం పిల్లల్ని దూరంగా ఉంచండి, కళ్లలో పడితే ప్రమాదం.

అపోహ: ఫ్లైయాష్ ఇటుక, అంటే థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిదతో చేసింది, నీళ్లకు కరిగిపోతుంది.

వాస్తవం: "ఏమయ్యా, ఇబ్రహీంపట్నం బూడిదతో ఇల్లు కడతావా?" అన్నారో పెద్దాయన. వాదించకుండా ఇటుకను తూచి ఆయన బకెట్లోనే వేశాను. 3 కిలోల ఇటుక 24 గంటలు నానాక 3 కిలోల 400 గ్రాములు తూగింది, అంటే పీల్చిన నీళ్లు దాదాపు 13 శాతం. 20 శాతం మించి నీళ్లు పీల్చకూడదన్నది ప్రమాణం, మామూలు ఎర్ర ఇటుకకూ అంతే. పైగా దీనికి పొలం మట్టి తవ్వక్కర్లేదు, బట్టీ కాల్చక్కర్లేదు. సరిగా నీళ్లు కొట్టకుండా అమ్మేసే పచ్చి ఇటుకతోనే తంటా. రెండు ఇటుకలు ఒకదానికొకటి తట్టి చూడండి, ఖంగుమనాలి.

అపోహ: తాటి దూలాల ఇల్లు తుపానుకు ఆగదు.

వాస్తవం: గాలి కప్పును పైకి లేపుతుంది. దూలం ఎంత లావున్నా గోడ మీద ఊరికే ఆనించి వదిలేస్తే లేచిపోతుంది. గోడలోకి దింపిన బోల్టులకు బిగించాలి. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలులది గాలికి బాగా తట్టుకుంటుంది. వసారా కప్పు విడిగా వేయించండి, ఎగిరినా అదొక్కటే పోతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటాక నేను చూసిన ఇళ్లలో గోడలు నిలబడే ఉన్నాయి, రేకులు పక్క చేలో ఉన్నాయి.

అపోహ: స్థానికంగా దొరికే సరుకుతో ఇల్లు అంటే పెరట్లో మట్టి తీసి కట్టేయడమే.

వాస్తవం: గుంటూరు నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. గోడకు ఎర్రమట్టిలో ఇసుక, కొద్దిగా సిమెంటు కలిపి మిషన్‌లో నొక్కిన బ్లాకులు వాడండి. రేగడిని మిర్చికీ పత్తికీ వదిలేద్దాం.