చవక ఎలక్ట్రిక్ కారు: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఎలక్ట్రిక్ కార్లకు మరమ్మతులు చేస్తాను. కొనే ముందు సలహా అడగడానికి వచ్చేవాళ్లు ఈ మధ్య పెరిగారు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయాక చిత్తూరు వైపు నుంచి వచ్చేవారిలో ఎక్కువమంది పెట్రోలు ఖర్చు తగ్గించుకోవాలనే వస్తున్నారు. వాళ్లు అప్పు చేసి నష్టపోకూడదనే ఇది రాస్తున్నాను.

అపోహ: డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు ఎలక్ట్రిక్ కారే లాభం.

వాస్తవం: మీరు ఎంత తిరుగుతారన్నదే అసలు లెక్క. పెట్రోలు లీటరు 110 రూపాయలు, మైలేజీ 18 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు ఆరు రూపాయలు. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు వాడకం నెలకు 400 యూనిట్లు దాటితే, ఆపైన యూనిట్ 9.75 రూపాయలు. అంత ధర పెట్టినా, యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు నడిచే చిన్న కారుకు రూపాయిన్నరలోపే అవుతుంది. మిగులు నాలుగున్నర రూపాయలు. రెండు కార్ల ధరలో తేడా మూడు లక్షలైతే, అది తిరిగి రావాలంటే 66 వేల కిలోమీటర్లకు పైగా నడపాలి. రోజూ చిత్తూరు వెళ్లి వచ్చేవారికి రెండేళ్లలోపే వస్తుంది. పిల్లల్ని బడిలో దించి, సాయంత్రం బజారుకు వెళ్లే వారికి పన్నెండేళ్లు పడుతుంది. అప్పు మీద వడ్డీ దీనికి అదనం. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్ కార్లపై మాత్రం ముందున్న 5 శాతమే ఉంది. తక్కువ తిరిగేవారిని కొనవద్దనే అంటాను.

అపోహ: బ్యాటరీ అద్దె పథకంలో కారు చవకగా వస్తుంది.

వాస్తవం: కొనే రోజున చవకే, బ్యాటరీ ధర అందులో ఉండదు కాబట్టి. 2024లో ఎంజీ కంపెనీ విండ్సర్ ఎలక్ట్రిక్ కారును బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దెతో తెచ్చారు. పైన లెక్కేసిన నాలుగున్నర మిగులులో మూడున్నర అక్కడికే పోతే మీకు మిగిలేది రూపాయి.

అపోహ: కారు కదలకపోతే బ్యాటరీ పోయినట్టే, లక్షలు వదిలినట్టే.

వాస్తవం: ఈ భయంతోనే ఒక పెద్దాయన కారును లారీ మీద ఎక్కించి తెచ్చారు. డోర్లు తెరుచుకోవడం లేదు, తెర వెలగడం లేదు. చూస్తే పోయింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. మన కరకంబాడిలో తయారయ్యే సీసం బ్యాటరీల్లాంటిదే. పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే రిలేలనే స్విచ్‌లకు కరెంటు ఇచ్చేది అదే. అది చచ్చిపోతే పెద్దది నిండుగా ఉన్నా కారు కదలదు. కొన్ని వేల రూపాయలతో పని అయిపోయింది. పెద్ద బ్యాటరీ సాధారణంగా ఉన్నట్టుండి చావదు, ఏళ్ల మీద కొంచెం కొంచెంగా తగ్గుతుంది. టాటా టియాగో ఈవీ వంటి ఎలక్ట్రిక్ కార్లలో పెద్ద బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది. మే నెల ఎండలో నూరు శాతం ఛార్జింగ్‌తో రోజుల తరబడి నిలిపి ఉంచడం మాత్రం దానికి హాని.

అపోహ: చిన్న బ్యాటరీ ఉన్న కారుతో తిరుమల ఘాట్ ఎక్కలేం.

వాస్తవం: కొండ మన ఊరి కంటే సుమారు 700 మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి 1,400 కిలోల కారును అంత పైకి ఎక్కించడానికి రెండున్నర యూనిట్లకు కాస్త పైగా చాలు. దారి ఖర్చు కలిపినా అయిదు యూనిట్ల లోపే. అంటే టియాగో ఈవీలో వచ్చే 19.2 యూనిట్ల బ్యాటరీలో నాలుగో వంతు. దిగేటప్పుడు మోటారే బ్రేకుగా పనిచేసి అందులో కొంత తిరిగి నింపుతుంది. ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచి ఎక్కి దిగుతున్నవి ఈ ఘాట్ రోడ్లే. ఒక్క జాగ్రత్త: కొండ మీద నిండా ఛార్జింగ్ పెట్టి దిగకండి. నిండిన బ్యాటరీ కరెంటు తీసుకోదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది.

అపోహ: ఆగితే కేంద్రం సబ్సిడీ ఇస్తుంది.

వాస్తవం: 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సొంత కార్లకు సబ్సిడీ లేదు. దాన్ని నమ్ముకుని ఆగడం కన్నా వాడిన కార్లు చూడండి. బ్యాటరీ సామర్థ్యం ఎంత మిగిలిందో కాగితం మీద ఇవ్వమనండి, వారంటీ మీ పేరు మీదికి మారుతుందో లేదో కంపెనీని అడగండి. ఈ రెండూ తేలకుండా బయానా ఇవ్వకండి.