ఫోను మార్చడం ఇంత కష్టమైంది ఎప్పటి నుంచి?

కొత్త ఫోను కొనాలనుకోగానే ఇంట్లోనూ ఆఫీసులోనూ మొదలయ్యే వాదన మళ్లీ రాజుకుంది. ఐఫోనా, ఆండ్రాయిడా? ఈసారి అందుకు కారణం కొత్త మోడల్ కాదు. ఐఫోన్‌లోని సమాచారాన్ని నేరుగా ఆండ్రాయిడ్ ఫోనులోకి పంపించే సదుపాయాన్ని యాపిల్ 2025 డిసెంబరులో, ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్ 26.3 పరీక్షా రూపంలో చేర్చింది. గూగుల్ కూడా అదే సమయంలో తన వైపు నుంచి ఇలాంటి ఏర్పాటునే పరీక్షించడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లుగా ఎదుటివారి వినియోగదారులను లాక్కోవడానికే పోటీపడ్డ రెండు కంపెనీలు ఇప్పుడు ఈ పనిలో చేతులు కలిపాయి. ఇంత మామూలు సౌకర్యానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందన్నదే అసలు ప్రశ్న.

2007లో తొలి ఐఫోన్, మరుసటి ఏడాది తొలి ఆండ్రాయిడ్ ఫోను, ఆ తర్వాత నోకియా, బ్లాక్‌బెర్రీల పతనం అందరికీ తెలిసినవే. కెమెరాలు, బ్యాటరీల పోలికలతోనూ ఇక్కడ పనిలేదు. నేటి వివాదాన్ని అర్థం చేసుకోవడానికి నా దృష్టిలో ఒక్క తేదీ చాలు. అది 2011 అక్టోబరు 12.

అంతకు ముందు ఫోను మార్చడం ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. పాత ఫోను వెనక మూత తీసి, బ్యాటరీ కింద నుంచి సిమ్ కార్డు లాగి, కొత్త ఫోనులో పెడితే సరిపోయేది. సిమ్‌లో నంబర్లకు చోటు తక్కువ, చాలా కార్డుల్లో 250 దాకానే పట్టేవి. పేరు పొడవైతే చివరి అక్షరాలు తెగిపోయేవి. ఒక మనిషికి రెండు నంబర్లుంటే ఆ పేరు పక్కన 1, 2 అని వేసుకుని రెండుసార్లు దాచుకోవాల్సి వచ్చేది. అయినా వేలిగోరంత ఆ ముక్క మన చేతిలో ఉండేది. ఏ కంపెనీ ఫోనులో పెట్టినా మన మనుషులు మన వెంట వచ్చేవారు. ఎస్సెమ్మెస్ కూడా అంతే. పంపేవారి ఫోను ఏదైనా, అందుకునేవారి ఫోను ఏదైనా చేరేది.

ఆ అక్టోబరు 12న యాపిల్ ఐఓఎస్ 5ను విడుదల చేసింది. దానితో పాటు రెండు కొత్త సేవలు వచ్చాయి. ఒకటి ఐక్లౌడ్. అప్పటిదాకా కంప్యూటర్‌కు తీగతో కలిపి దాచుకోవాల్సిన బ్యాకప్ ఇక కంపెనీ సర్వర్లలోకి తనంతట తానే చేరడం మొదలైంది. రెండోది ఐమెసేజ్. మామూలు సందేశాల యాప్‌లోనే, అవతలి వ్యక్తిది కూడా ఐఫోనే అయితే సందేశం ఎస్సెమ్మెస్‌గా కాకుండా యాపిల్ సర్వర్ల ద్వారా వెళ్తుంది. నీలం రంగులో కనిపిస్తే ఐమెసేజ్, ఆకుపచ్చలో కనిపిస్తే ఎస్సెమ్మెస్. సందేశం ఏ దారిలో వెళ్లాలో ఫోనే తేల్చుకుంటుంది.

రెండూ మంచి సేవలే. ఫోను పోయినా ఫొటోలు మిగిలాయంటే అది ఐక్లౌడ్ చలవే. కానీ ఆ రోజు నుంచి మన జ్ఞాపకాలు, మాటలు సిమ్‌ను వదిలి కంపెనీ ఖాతాలోకి మారాయి. ఫోను మార్చడమంటే ఇక వస్తువును మార్చడం కాదు, ఇల్లు ఖాళీ చేయడం. సామాను బండిలోకి ఎక్కించాలంటే ఇంటి యజమాని తలుపు తీయాలి.

ఇది అనుకోకుండా జరిగిందని చెప్పడం కష్టం. అంతకు ఏడాది ముందు, 2010 అక్టోబరులో, కంపెనీ ముఖ్యుల సమావేశం కోసం స్టీవ్ జాబ్స్ రాసిన ఎజెండా 2014లో శామ్‌సంగ్‌తో సాగిన పేటెంట్ల వ్యాజ్యంలో బయటపడింది. అన్ని ఉత్పత్తులనూ ఒకదానికొకటి ముడివేసి, వినియోగదారులను తమ వ్యవస్థలో మరింతగా బంధించాలని అందులో ఉంది. బంధించడం నేను వాడిన మాట కాదు, ఆయన రాసిన మాటకు అర్థమే అది.

దీనికన్నా స్పష్టమైన సాక్ష్యం 2013 నాటిది. ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్‌కూ ఇద్దామని కంపెనీలోనే సేవల విభాగాధిపతి ఎడ్డీ క్యూ వాదించారు. సాఫ్ట్‌వేర్ విభాగాధిపతి క్రెయిగ్ ఫెడరిగి ఒప్పుకోలేదు. అలా చేస్తే ఐఫోన్ వాడే కుటుంబాలు పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనివ్వకుండా ఆపుతున్న అడ్డంకి తొలగిపోతుందని ఆయన ఈమెయిల్‌లో రాశారు. 2016లో మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ కూడా ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్‌కు తీసుకెళ్తే మనకు మేలుకన్నా కీడే ఎక్కువని తేల్చారు. వీడియో గేమ్‌ల కంపెనీ ఎపిక్ గేమ్స్ వేసిన దావాలో 2021లో ఈ లేఖలు వెలుగుచూశాయి. ఫెడరిగి వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. పిల్లల చేతికి ఏ ఫోను రావాలన్న ఇంటి నిర్ణయం అందులో కంపెనీ కాపాడుకోవాల్సిన ఆస్తిగా కనిపిస్తుంది.

ఈ నిర్ణయం మామూలు మనిషి మీద ఎలా పడిందో 2014లో తెలిసింది. ఐఫోన్ వదిలి ఆండ్రాయిడ్‌కు మారినవారికి స్నేహితుల సందేశాలు రావడం ఆగిపోయాయి. నంబరు అదే, సిమ్ అదే. కానీ యాపిల్ సర్వర్ దృష్టిలో ఆ నంబరు ఇంకా ఐఫోన్‌దే. అవతలి ఐఫోన్ నుంచి సందేశం నీలం రంగులో బయల్దేరేది, ఇక్కడికి చేరేది కాదు. పంపినవారు జవాబు రాలేదని నొచ్చుకునేవారు. అందుకోవాల్సినవారికి సందేశం వచ్చిందన్న సంగతే తెలియదు. కోర్టులో దావాలు పడ్డాయి. చివరికి ఆ ఏడాది నవంబరులో యాపిల్ ఒక పేజీ తెరిచింది. అక్కడ నంబరు కొట్టి, ఫోనుకు వచ్చిన కోడ్ వేస్తే ఐమెసేజ్ నుంచి విముక్తి. ఐమెసేజ్ వచ్చాక మూడేళ్లకు పైగా అలాంటి పేజీ లేదు.

రావడానికి మాత్రం దారి త్వరగానే పడింది. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు సమాచారం తెచ్చుకునే యాప్‌ను యాపిల్ 2015లోనే తయారుచేసి గూగుల్ స్టోర్‌లో పెట్టింది. ఐఫోన్ నుంచి బయటికి వెళ్లేవారి కోసం గూగుల్ తెచ్చిన యాప్ యాపిల్ స్టోర్‌లో కనిపించింది 2022లో.

యాపిల్ వాదన కూడా చెప్పాలి. ఐమెసేజ్ మొదటి రోజు నుంచే సందేశాలను పూర్తిగా గుప్తంగా ఉంచింది. ఎస్సెమ్మెస్‌కు ఆ రక్షణ లేదు. ఫోను, సాఫ్ట్‌వేర్, సేవలు ఒక్క చేతిలో ఉంటేనే భద్రతకు హామీ ఇవ్వగలమని కంపెనీ అంటోంది. ఇందులో నిజం ఉంది. అయితే వాట్సాప్, సిగ్నల్ అదే స్థాయి గోప్యతను రెండు రకాల ఫోన్లలోనూ అందిస్తున్నాయి. కాబట్టి గోప్యత కోసం గోడ తప్పనిసరి అన్న మాట నిలవదు.

గూగుల్ వైపు మచ్చ లేదని కాదు. హ్యాంగౌట్స్, అల్లో అంటూ సందేశాల యాప్‌లను వరుసగా తెచ్చి మూసేసి, అది వినియోగదారుల నమ్మకాన్ని తానే చెడగొట్టుకుంది. యాపిల్ వాచ్ ఐఫోన్‌తోనే పనిచేస్తుందని తప్పుపట్టేవారు, 2021 నుంచి శామ్‌సంగ్ గెలాక్సీ వాచ్‌లు ఐఫోన్‌తో కలవడం మానేశాయన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

చాలామందికి అసలు చిక్కు ఐమెసేజ్ కాదు, వాట్సాప్. నంబరు అదే ఉంటే చాలు, ఖాతా ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది. పాత సంభాషణలు మాత్రం వాటంతట అవి రావు, ఎందుకంటే ఐఫోన్ బ్యాకప్ ఐక్లౌడ్‌లో ఉంటుంది, ఆండ్రాయిడ్ బ్యాకప్ గూగుల్ ఖాతాలో ఉంటుంది. ఒకదాని నుంచి మరోదానికి అధికారికంగా దారి వేయడం 2021లో మొదలైంది. మొదట ఐఫోన్ నుంచి శామ్‌సంగ్‌కు, అదీ రెండు ఫోన్లనూ తీగతో కలిపితేనే. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు 2022లో వచ్చింది. అందులో ఒక షరతు ఉంది. ఐఫోన్ పెట్టె విప్పినప్పటిలా కొత్తగా ఉండాలి, లేదా మొత్తం చెరిపేసి ఉండాలి. అంటే కొత్త ఫోను తెరిచిన ఉత్సాహంలో ముందుగా ఫొటోలు తీసి, నాలుగు యాప్‌లు వేసుకుని, ఆ తర్వాత వాట్సాప్ సంగతి గుర్తొచ్చిందా, అవన్నీ తుడిచేసి మళ్లీ మొదటికి రావాలి. రెండు ఫోన్లనూ చార్జింగ్‌కు పెట్టి, పక్కపక్కన ఉంచి, తెర ఆరిపోకుండా చూస్తూ కూర్చోవాలి. కన్నవాళ్ల చివరి వాయిస్ సందేశాలు అందులో ఉన్నవారికి తరలింపు ఎంతదాకా వచ్చిందో చూపే గీత నెమ్మదిగా కదలడం చూస్తూ కూర్చోవడం ఎంత భారమో వేరే చెప్పక్కర్లేదు.

ఫోన్లు ఎక్కువ కాలం మన్నుతున్న కొద్దీ ఈ భారం పెరుగుతోంది. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24తో శామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్లకు మాటిచ్చాయి. యాపిల్ చాలాకాలంగా పాత ఫోన్లను బాగానే చూసుకుంటోంది. ఇది కొనేవారికి మేలే. కానీ రెండేళ్లకోసారి ఫోను మార్చేవారు మోసుకెళ్లే మూట వేరు, ఏడేళ్లు ఒకే ఖాతాలో పోగేసినవారు మోసుకెళ్లే మూట వేరు.

తలుపు ఇప్పుడు తెరుచుకోవడానికి కారణం చట్టం. ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం కింద పెద్ద కంపెనీల బాధ్యతలు 2024 మార్చి 7న అమల్లోకి వచ్చాయి. వినియోగదారు తన సమాచారాన్ని వెంట తీసుకెళ్లగలగాలన్నది వాటిలో ఒకటి. ఇతర ఫోన్లకు తరలింపును సులభం చేస్తామని యాపిల్ ఆ నెలలోనే రాతపూర్వకంగా చెప్పింది. రెండు వారాలకు, మార్చి 21న, అమెరికా న్యాయశాఖ యాపిల్ మీద గుత్తాధిపత్య దావా వేసింది. సందేశాలు, వాచ్‌లు, డిజిటల్ వాలెట్ల దగ్గర ఫోను మారేవారికి కంపెనీ అడ్డుపడుతోందన్నది ఆరోపణ. ఈ దావా తమ ఉత్పత్తుల స్వభావాన్నే దెబ్బతీస్తుందని యాపిల్ బదులిచ్చింది. దాన్ని కొట్టేయాలన్న కంపెనీ అభ్యర్థనను 2025 జూన్ 30న న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు తిరస్కరించింది.

ఈలోగా 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో ఐఫోన్‌లో ఆర్‌సీఎస్ వచ్చింది. ఎస్సెమ్మెస్ స్థానంలో రెండు రకాల ఫోన్ల మధ్యా పనిచేసే కొత్త సందేశాల పద్ధతి ఇది. ఆండ్రాయిడ్ ఫోన్లతో ఫొటోలు, వీడియోలు మంచి నాణ్యతతో ఇచ్చిపుచ్చుకోవడం, అవతలివారు చదివారో లేదో తెలుసుకోవడం కుదిరింది. సందేశం కనిపించే బుడగ రంగు మాత్రం ఆకుపచ్చగానే ఉంది.

కొత్త తరలింపు సదుపాయంలో రెండు ఫోన్లనూ దగ్గర పెడితే ఫొటోలు, సందేశాలు, నోట్లు, యాప్‌లు, ఫోను నంబరు దాకా కదులుతాయి. ఆరోగ్య వివరాలు, బ్లూటూత్‌తో జతచేసిన పరికరాలు, తాళం వేసిన నోట్లు మాత్రం రావని పరీక్షా రూపంలోని తెర మీదే రాసి ఉంది.