ఏరు పొంగకపోయినా ఊరు మునుగుతుంది

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గోదావరి జిల్లాల్లో ఈ అంకెలు తెలియనివాళ్లు తక్కువ. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది కనుక లంకల్లో ఉన్నవాళ్లకు సామాను సర్దుకోవడానికి, పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. వాయుగుండం వానకు ఆ వ్యవధి ఉండదు. ఏట్లో వరద లేకపోయినా, రాత్రి మొదలైన వానకు తెల్లారేసరికి వీధి మునిగిపోతుంది. దీనికి చూసుకోవాల్సిన అంకెలు వాతావరణ శాఖవి: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు చేరితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ.

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ లెక్కన 200 మిల్లీమీటర్లు కురిస్తే ఒక్క ఎకరంలోనే 8 లక్షల లీటర్లు. అదంతా మురుగు కాల్వల గుండా సముద్రంలో కలవాలి. కోనసీమలో, భీమవరం, నరసాపురం వైపు నేలకు వాలు బహు తక్కువ. దానికి తోడు రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు. పోటు వేళ డ్రెయిన్లలో నీరు కదలదు, ఒక్కోసారి వెనక్కి తంతుంది. ఆటు మొదలయ్యాకే దిగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఇంకా ఎత్తు. అదే సమయంలో గోదావరి కూడా పొంగితే, ఏటి నీరు ఊళ్లోకి ఎగదన్నకుండా గట్టులోని తూముల తలుపులు దించేయాలి. అప్పుడు వాన నీటికి ఆ దారీ లేదు. గుర్రపుడెక్క పట్టిన కాల్వలు, అడ్డదిడ్డంగా లేచిన రొయ్యల చెరువుల గట్లు మిగతా పని పూర్తి చేస్తాయి. అందువల్ల ఇక్కడి ముంపు రోజుల తరబడి నిలుస్తుంది. జాగ్రత్తలు కూడా ఆ నిలవ నీటికి తగినట్టే ఉండాలి.

మొట్టమొదట కరెంటు. నీరు గడప దాటకముందే మెయిన్ ఆపేయాలి. కాళ్లు నీళ్లలో ఉండగా, చేతులు తడిగా ఉండగా దాన్ని ముట్టుకోకూడదు. ఇన్వర్టర్ సంగతి చాలామంది మరిచిపోతారు. మెయిన్ తీసేసినా అది 230 వోల్టులు ఇస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా ఆపాలి. బయట, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లకు గట్ల వెంట లాగిన కేబుళ్లు మునిగాయంటే ఆ చుట్టుపక్కలకు పోకూడదు. నీళ్లలో నడుస్తుంటే కాళ్లు జిల్లుమన్నాయా, ఇక ముందుకు అడుగు వేయవద్దు. పాదాలు ఎంత ఎడంగా ఉంటే వాటి మధ్య వోల్టేజీ అంత ఎక్కువ. అందుకే కాళ్లు దగ్గరగా పెట్టి, పాదం పైకి ఎత్తకుండా జరుపుకుంటూ వచ్చిన దారినే వెనక్కి మళ్లాలి. తెగిన తీగ కనిపిస్తే కనీసం పది మీటర్ల దూరంలో ఆగి 1912కు ఫోన్ చేయాలి.

వంటగదిలో గ్యాస్ రెగ్యులేటర్ ఆపి, తీసేసి, సిలిండరును గొలుసుతోనో తాడుతోనో కట్టాలి. నిండు సిలిండరు మునుగుతుంది, ఖాళీది తేలుతుంది అనుకుంటారు గానీ రెండూ తేలేవే. 14.2 కిలోల గ్యాసు నింపిన సిలిండరు మొత్తం బరువు 30 కిలోల దాకా ఉంటుంది. దాని లోపలి పరిమాణమే 33 లీటర్లకు పైన, అంటే మునిగితే తన బరువుకన్నా ఎక్కువ నీటిని పక్కకు తోయాలి, అందుకే తేలుతుంది.

కారు సంగతీ ఇంతే. 800 కిలోల చిన్న కారు అడుగుభాగం సుమారు 5 చదరపు మీటర్లు. నీరు ఆ అడుగుభాగాన్ని దాటి 16 సెంటీమీటర్లు లేచేసరికి కారు బరువంత నీరు పక్కకు తప్పుకుంటుంది, టైర్లు నేల పట్టు వదిలేస్తాయి. నేలకూ కారు అడుగుకూ మధ్య ఉన్న ఎత్తు కూడా కలిపితే లోతు ఒక్క అడుగు! కాజ్‌వే మీద నీరు పారుతుంటే ఇంకా తక్కువ లోతుకే కొట్టుకుపోతుంది, ఎందుకంటే ప్రవాహ వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. మనిషి పడిపోవడానికి 15 సెంటీమీటర్ల ఉరవడి చాలు.

రాత్రిళ్లు నేల మీద పడుకోవద్దు. బొరియలు మునిగాక పాములు మెట్ట వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. వాటిలో కట్లపాముతో చిక్కు ఎక్కువ: కరిచినా నొప్పి పెద్దగా తెలియదు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలైతే పసరుల జోలికి పోకుండా, గట్టి కట్లు కట్టకుండా, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. 108 బండి రాలేని చోట పడవైనా సరే. పశువుల పలుపులు ముందే విప్పేయాలి. రాటకు కట్టేసిన గేదె ఈదలేదు.

నీరు తీశాక అసలు తిప్పలు మంచినీళ్లతో. మరుగుదొడ్ల గుంటలు, ఒరల నూతులు, పైపైన దింపిన చేతిపంపులు అన్నీ ఒకే ముంపులో కలిసి ఉంటాయి. నూతి నీటి లెక్క సులువే: వ్యాసం మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. మీటరు వ్యాసం, 3 మీటర్ల నీరున్న నుయ్యి 2,355 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున సుమారు 6 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కావాలి. ఇది తేట నీటికి సరిపోయే మోతాదు. వీలైతే ముందు బురద నీరు తోడించేయడం మేలు. పౌడరును నూతిలో చల్లేయడం మామూలుగా చూసే పొరపాటు. బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పాతిక బకెట్ నీళ్లు పోసి కదిపి, పది నిమిషాలు వదిలేయాలి. అడుగున చేరే సున్నం నూతిలో పడితే నీళ్ల కాఠిన్యం పెరుగుతుంది, కనుక పై తేటను మాత్రమే వేరే బకెట్లోకి వంచి, తాడుతో నూతిలోకి దించి, పైకీ కిందికీ ఆడించాలి. గంట దాకా నీరు తోడకూడదు. గంటయ్యాక మందు వాసన కొంచెమైనా రాకపోతే మోతాదు చాలలేదన్నట్టే. అంతే పౌడరుతో మళ్లీ చేయాలి. మూతి విప్పి నెలలైన సంచిలోని పౌడరులో క్లోరిన్ చాలా మటుకు పోయి ఉంటుంది, అది ఎంత వేసినా లాభం లేదు. ఇంట్లో బిందెల వరకైతే 20 లీటర్లకు అరగ్రాము క్లోరిన్ బిళ్ల ఒకటి వేసి, అరగంట ఆగి తాగవచ్చు.