నెమ్మదించిన ఊపిరి: మగవాళ్ళకు యోగా చేసే అసలు మేలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళల్లో మగవాడికి బీపీ ఉన్నట్టు బయటపడేది చాలాసార్లు వేరే పని మీద ఆసుపత్రికి వెళ్ళినప్పుడే. పన్ను తీయించుకోవడానికో, కంటి శుక్లాల ఆపరేషనుకో వెళ్తాడు. నర్సు చేతికి పట్టీ చుట్టి కొలిచి, "మందులేవైనా వాడుతున్నారా?" అని అడుగుతుంది. ఆయన తెల్లబోతాడు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, నిన్నటిదాకా బస్తాలు మోశాడు. బీపీ అలాగే ఉంటుంది. ఏ గుర్తూ ఇవ్వకుండా ఏళ్ళ తరబడి రక్తనాళాలను పాడుచేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 24 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. ఆడవాళ్ళలో అది 21 శాతం.

మగవాళ్ళతో యోగా గురించి మాట్లాడడానికి ఈ ఒక్క కారణం చాలు. కానీ మాట ఎత్తగానే వచ్చే జవాబు ఒకటుంది. "అదేటి బావా, ఆడోళ్ళు చేసుకునేది కదా అది! మనకి జిమ్ము ఉంది."

నిజానికి వందేళ్ళ కిందట యోగా నేర్పినవాళ్ళు, నేర్చుకున్నవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. ఈరోజు మనం చూసే సూర్య నమస్కారాలను 1920లలో బడిపిల్లల వ్యాయామంగా ఊరూరా ప్రచారం చేసింది మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావ్ పంత్ ప్రతినిధి. అదే రాష్ట్రంలోని లోనావ్లాలో 1924లో స్వామి కువలయానంద కైవల్యధామ స్థాపించి, యోగ క్రియలు చేసేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో పరికరాలతో కొలవడం మొదలుపెట్టారు. ఇక మన వైపు చెప్పాలంటే కోడి రామ్మూర్తి నాయుడు పేరు తెలియని ఇల్లు ఉండదు. ఒడిశా సరిహద్దుకు దగ్గర్లోని వీరఘట్టంలో పుట్టిన ఆ మల్లుడు ఊపిరి బిగించి ఛాతీకి చుట్టిన గొలుసులు తెంచేవాడు. తన బలానికి మూలం ప్రాణాయామమేనని ఆయన నమ్మాడు.

ఆ బిగింపు దగ్గరే మనం ఆగి ఆలోచించాలి. కుస్తీలు నేర్పే తాలింఖానా అయినా, జిమ్ అయినా, కూలి పని అయినా మగవాడికి చిన్నప్పటి నుంచి అలవాటయ్యేది ఊపిరి బిగబట్టి బరువు ఎత్తడం. ఆ క్షణంలో రక్తపోటు ఎంతవరకు పోతుందో 1985లో కెనడాలో కొలిచారు. బాడీబిల్డర్ల చేతి ధమనిలోనే గొట్టం అమర్చి, రెండు కాళ్ళతో పెద్ద బరువు నెట్టిస్తే సగటున 320/250 నమోదైంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి రక్తనాళాలు ఆ పోటును తట్టుకుంటాయి. బరువులెత్తడం వల్ల ఎముకకూ కండకూ మేలే, దాన్ని మానమని నేను అనను. కానీ యాభై ఏళ్ళ మనిషికి, బీపీ ఉందో లేదో కూడా తెలియని మనిషికి, ఊపిరి బిగించడం ఒక్కటే వచ్చి వదలడం రాకపోతే కష్టం. యోగాలో మగవాడు ముందుగా నేర్చుకోవాల్సింది ఈ వదలడమేనని నా గట్టి అభిప్రాయం.

ఊపిరికీ రక్తపోటుకూ సంబంధం ఏమిటంటే, మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమనుల్లోనూ, గుండె పైన బృహద్ధమని వంపులోనూ ఒత్తిడిని పసిగట్టే నాడుల కొసలు ఉంటాయి. పోటు పెరిగి ధమని గోడ సాగగానే అవి మెదడు అడుగు భాగానికి కబురు పంపుతాయి. అక్కడి నుంచి వేగస్ నాడి ద్వారా గుండెకు "నెమ్మదించు" అనే ఆజ్ఞ వస్తుంది, రక్తనాళాలు కూడా కాస్త సడలుతాయి. ఇది క్షణక్షణం జరిగే సర్దుబాటు. ఏళ్ళ తరబడి బీపీ ఉన్నవాళ్ళలో ఈ సర్దుబాటు మొద్దుబారుతుంది.

మనం గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకుంటుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి తీసి వదిలితే ఎవరికైనా తెలుస్తుంది. రక్తపోటులో కూడా సుమారు పది సెకన్లకు ఒకసారి సహజంగా ఒక అల లేచి దిగుతూ ఉంటుంది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం కాబట్టి ఈ రెండు లయలూ కలవవు. అదే నిమిషానికి ఆరుసార్లకు తగ్గిస్తే ఒక్కో ఊపిరికి పది సెకన్లు పడుతుంది, రెండు అలలూ కలుస్తాయి. ఊయలను సరైన క్షణంలో తోసినట్టు, ఆ సర్దుబాటు వ్యవస్థకు ప్రతి ఊపిరితోనూ బలం వస్తుంది.

2001లో ఒక ఇటలీ శాస్త్రవేత్తల బృందం ఇలాంటి ప్రయోగమే చేసింది. 23 మంది చేత లాటిన్‌లో జపమాల ప్రార్థన, విడిగా "ఓం మణి పద్మే ఓం" అనే మంత్రం చదివించారు. రెండింటిలోనూ ఊపిరి తనంతట తానే నిమిషానికి సుమారు ఆరుకు దిగింది, రక్తపోటును సర్దే ఆ చర్య చురుకైంది. భాష వేరు, మతం వేరు, లయ మాత్రం ఒకటే. మన ఇళ్ళల్లో ఒక్క ఊపిరికి ఒక శ్లోకం చొప్పున విష్ణు సహస్రనామం నిదానంగా చదివే తాతల లయ కూడా ఇంచుమించు అంతే.

మరి బీపీ నిజంగా ఎంత తగ్గుతుంది? 2019లో 49 పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. యోగా చేసినవాళ్ళకు పై అంకె సగటున 5, కింది అంకె దాదాపు 4 తగ్గాయి. బీపీ ఉన్నవాళ్ళు ఆసనాలతో పాటు ప్రాణాయామం, ధ్యానం కూడా చేసినప్పుడు తగ్గుదల 11, 6 దాకా వెళ్ళింది. అంటే ఒట్టి ఆసనాలతో సరిపెట్టుకున్నవాళ్ళకు వచ్చే లాభం తక్కువ. మన మగవాళ్ళు సాధారణంగా చేసేది అదే. చెమట పట్టే భాగం చేసి, చివర్లో కళ్ళు మూసుకుని కూర్చోవాల్సిన పది నిమిషాలు వదిలేసి లేచిపోతారు.

ఇక్కడ ఉప్పు సంగతి చెప్పకపోతే నాకు మనసొప్పదు. బరంపురం అప్పడాలకు, ఊరగాయలకు పేరు. కంచంలో ఆ రెండూ లేకుండా భోజనం ముగించడం మాకు కష్టమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాడు. అప్పడం, ఆవకాయ, ఎండుచేప ఒకే పూట తింటే అది సగం పైగా అక్కడే అయిపోవచ్చు. ప్రాణాయామం తెచ్చిన తగ్గుదలను ఉప్పూ మద్యమూ కలిసి తేలిగ్గా మింగేస్తాయి. నిద్ర పట్టడానికని రాత్రి రెండు పెగ్గులు వేసుకునేవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. మద్యం బీపీని పెంచుతుంది, నిద్రను చెడగొడుతుంది. ఆ అలవాటుకు బదులు పడుకునే ముందు వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసి, నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం మొదలుపెట్టండి. బిగబట్టవద్దు. పీల్చినప్పుడు పొట్ట లేవాలి. ఛాతీ ఒక్కటే లేస్తుంటే ఊపిరి ఇంకా పైపైనే ఆడుతున్నట్టు.

గుండెపోటు వచ్చినవాళ్ళ మీద మన దేశంలోనే ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 24 ఆసుపత్రుల్లో 3,959 మంది పాల్గొన్నారు, వారిలో అత్యధికులు మగవాళ్ళు. 2020లో ఫలితాలు వచ్చాయి. యోగా నేర్పిన గుంపులో మళ్ళీ గుండెపోట్లు, మరణాలు గణనీయంగా తగ్గాయని తేలలేదు. కానీ వాళ్ళు తమ ఆరోగ్యం మెరుగైందని చెప్పారు, గుండెపోటుకు ముందు చేసుకునే పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్ళగలిగారు. నా దృష్టిలో ఇది చిన్న ఫలితం కాదు. గుండెపోటు తర్వాత మెట్లెక్కడానికి కూడా భయపడి ఇంట్లో కూర్చునే మనిషి మళ్ళీ కొట్టు తెరిస్తే ఆ ఇల్లంతా నిలబడుతుంది. అయినా మందులు, నడక, పొగాకు మానడం అనేవాటి స్థానంలో యోగాను పెట్టకూడదని కూడా ఆ ఫలితమే చెబుతోంది.

నడుము నొప్పి విషయంలో ఆధారాలు ఇంకా బలంగా ఉన్నాయి. అమెరికాలోని బోస్టన్‌లో దీర్ఘకాల నడుము నొప్పి ఉన్న 320 మంది మీద జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. పన్నెండు వారాల యోగా తరగతులు ఫిజియోథెరపీకి తీసిపోలేదని అందులో తేలింది. అదే ఏడాది అక్కడి వైద్యుల సంఘం నడుము నొప్పికి మాత్రల కన్నా ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాను చేర్చింది. మన దగ్గర ఈ నొప్పి ఎవరికి వస్తుందో చూడండి. బరంపురం పట్టు నేసేవాడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి, భుజాలు ముందుకు వాల్చి పూటలకు పూటలు కూర్చుంటాడు. ఆటో నడిపేవాడు గతుకుల్లో నడుము కుదించుకుని ఉంటాడు. గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకు వలస వెళ్ళినవాళ్ళు పన్నెండు గంటల షిఫ్టు నిలబడే గడుపుతారు, షిఫ్టుల వారీగా పంచుకునే గదుల్లో నిద్రపోతారు. కూర్చుని పనిచేసేవాళ్ళకు భుజంగాసనం, సేతుబంధాసనం లాంటి వెనక్కి వంగే ఆసనాలు కుదించుకున్న శరీరాన్ని తెరుస్తాయి. నిలబడి పనిచేసేవాళ్ళు గోడకు కాళ్ళు ఆనించి పడుకుంటే పిక్కల్లో చేరిన రక్తం తేలిగ్గా గుండెకు చేరుతుంది. చాప వేసుకునేంత చోటు చాలు. కాళ్ళలోకి తిమ్మిరి పాకుతున్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా మాత్రం ఆసనం వేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

షుగరు గురించి క్లుప్తంగా చెబుతాను. షుగరు అంచున ఉన్న దాదాపు వెయ్యి మంది భారతీయుల మీద మూడేళ్ళు సాగిన అధ్యయనంలో, ఆహారం, వ్యాయామం మార్చుకోవడంతో పాటు రోజూ యోగా చేసినవాళ్ళలో షుగరు రావడం మరింత తగ్గింది. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటిన మగవాళ్ళు దీన్ని పట్టించుకోవాలి.

మగవాళ్ళు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. యోగాతో మగతనం పెరుగుతుందా అని. టెస్టోస్టెరాన్ పెంచే ఆసనాలంటూ వీడియోలు తిరుగుతుంటాయి, వాటిని నమ్మదగ్గ ఆధారం లేదు. అయితే కటి అడుగు కండరాల సంగతి వేరు. మూత్రాన్ని మధ్యలో ఆపడానికి వాడే కండరాలివి. మూలబంధం అనే యోగ క్రియలో బిగించి వదిలేది ఇంచుమించు వీటినే. 2005లో బ్రిటన్‌లో అంగస్తంభన సమస్య ఉన్న 55 మంది మగవాళ్ళ చేత ఈ కండరాలకు వ్యాయామం చేయిస్తే ఆరు నెలలకు 40 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 50 మందితో చేసిన పరిశోధనలోనూ, యోగా చేసినవాళ్ళకు నీరసం తక్కువగా ఉంది, లైంగిక, మూత్ర సంబంధ ఇబ్బందులు అంతగా ముదరలేదు. చిన్న అధ్యయనాలే, కానీ దిశ ఆశాజనకంగా ఉంది. అంతకన్నా ముఖ్యమైనది ఒకటి చెప్పాలి. అంగస్తంభన తగ్గడం చాలామందిలో గుండె రక్తనాళాల జబ్బుకు తొలి హెచ్చరిక. గోడల మీద ప్రకటనలు చూసి రహస్య వైద్యుల దగ్గరికి పరుగెత్తకుండా ముందు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోండి.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. మగవాళ్ళకు శీర్షాసనం అంటే మోజు, పదిమంది ముందు వేసి చూపించాలనిపిస్తుంది. చెన్నై శంకర నేత్రాలయలో 75 మంది మీద చేసిన పరిశోధన 2006లో వచ్చింది. తలకిందులుగా ఉన్నప్పుడు కంటిలోని ఒత్తిడి రెట్టింపవుతుందని అది చూపించింది. గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు దాని జోలికి పోకూడదు. గజ్జల్లో హెర్నియా మగవాళ్ళలోనే ఎక్కువ. అది ఉన్నవాళ్ళకు పొట్టను గట్టిగా ఎగదోసే కపాలభాతి, భస్త్రిక పనికిరావు. గోపాల్‌పూర్ తీరం వైపు ఉక్కపోత తెలిసిందే, కాబట్టి వేసవిలో ఎండెక్కక ముందే ముగించాలి. రెండు మూడు నెలల సాధన తర్వాత బీపీ అంకెలు దిగితే సంతోషించండి, ఆ అంకెలు రాసుకున్న కాగితం డాక్టరుకు చూపించండి. మాత్ర తగ్గించాలో వద్దో ఆయనే చెప్పాలి. బాగానే ఉంది కదా అని సొంతంగా ఆపేసినవాళ్ళకు పక్షవాతం ముప్పు మళ్ళీ పెరుగుతుంది.