గేమ్‌ప్యాడ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య నలభై ఏళ్ల పేచీ

అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఈమధ్య ఫోన్ల పక్కన, రెండు చేతులతో పట్టుకుని బటన్లు నొక్కుతూ ఆడే గేమ్‌ప్యాడ్లు కూడా కనిపిస్తున్నాయి. కొన్ని నిజంగానే పాడైనవి. మిగతావాటికి ఏ రోగమూ ఉండదు. చార్జింగ్ ఎక్కుతుంది, లైటు వెలుగుతుంది, ల్యాప్‌టాప్ బ్లూటూత్ జాబితాలో పేరు పడుతుంది, పక్కన ‘కనెక్టెడ్’ అని కూడా వస్తుంది. గేమ్ తెరిస్తే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. లేదంటే ఒక గేమ్‌లో చక్కగా పనిచేసి, ఇంకో గేమ్‌లోకి వెళ్లగానే బ్రేకు వేస్తే కెమెరా తిరుగుతుంది. “డబ్బులు పోయినట్టేనా అన్నా?” అని కుర్రాడు బిక్కమొహం వేస్తాడు. ఇంటికెళితే “వద్దంటే విన్నావా?” అన్న మాట ఎలాగూ తప్పదు.

ఇందులో కొన్నవాడి తెలివితక్కువతనం ఏమీ లేదు. చాలాసార్లు ప్యాడ్ తప్పు కూడా కాదు. టీవీకి తగిలించే గేమ్ బాక్సుకి పుట్టుకతోనే సొంత ప్యాడ్ ఉంటుంది, రెండింటినీ ఒకే కంపెనీ చేస్తుంది. కంప్యూటర్‌కి అలాంటిది ఎన్నడూ లేదు. ఒక్కో కాలంలో ఒక్కో కంపెనీ తనకు తోచిన పద్ధతి తెచ్చింది. పాతది పూర్తిగా పోకముందే కొత్తది వచ్చి చేరింది. ఇవాళ మనం కొనే వైర్‌లెస్ ప్యాడ్ వాటన్నిటితోనూ సర్దుకుపోవాల్సి వస్తోంది.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు ఆటల కోసం ఒక అడాప్టర్ కార్డు విడిగా కొనుక్కోవాల్సి వచ్చేది. దానికి 15 పిన్నుల సాకెట్ ఉండేది. రెండు జాయ్‌స్టిక్‌లు తగిలించుకోవచ్చు, మొత్తం కలిపి నాలుగు బటన్లు. స్టిక్ లోపల ఉన్నది పొటెన్షియోమీటర్, అంటే పాత రేడియోలో వాల్యూమ్ పెంచే భాగమే. కార్బన్ పూత మీద చిన్న లోహపు నాలుక జారుతుంది. స్టిక్ కదిలితే రెసిస్టెన్స్ మారుతుంది. దాన్నిబట్టి కార్డు మీద ఉన్న కెపాసిటర్ (కరెంటు నింపుకునే చిన్న భాగం) నిండడానికి పట్టే సమయం మారుతుంది. ఆ సమయాన్ని ప్రాసెసరే లెక్కపెట్టుకుని, స్టిక్ ఎంత వంగిందో తేల్చుకోవాలి. అందువల్ల కంప్యూటర్ వేగం మారితే లెక్క కూడా మారిపోయేది. అప్పటి గేముల్లో మొదటే ‘స్టిక్‌ని పై మూలకి తోసి బటన్ నొక్కండి’ అంటూ క్యాలిబ్రేషన్, అంటే లెక్క సరిచూసుకోవడం, చేయించింది ఇందుకే. 1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు అదే సాకెట్‌ని తన వీపున పెట్టుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు సౌండ్ కార్డు వెనకాలే జాయ్‌స్టిక్ తగిలించారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు గోదావరి జిల్లాల పిల్లలకి కంప్యూటర్ అందుబాటులోనే లేదు. మనకి ముందు వచ్చింది టీవీ గేమ్. జపాన్‌లో నింటెండో 1983లో ఫ్యామికామ్ అనే బాక్సు అమ్మింది. తొంభైల్లో రాజమండ్రి, కాకినాడ షాపుల్లో దొరికినవి చాలావరకు దాని నకళ్లే. క్యాసెట్ తీసి, అడుగున నోటితో ఊది మళ్లీ గుచ్చడం, అడాప్టర్ పెనంలా కాలిపోవడం, “పిక్చర్ ట్యూబ్ పోతుందిరా” అని అమ్మ అరవడం ఆ కాలం పిల్లలందరికీ తెలుసు. ఎడమ బొటనవేలి కింద ఉండే ప్లస్ గుర్తు బటన్‌ని 1982లో నింటెండోలోని గున్‌పే యొకోయి చేతిలో పట్టుకునే ఒక చిన్న ఆట కోసం రూపొందించాడు. నలభై ఏళ్లు దాటినా అది ప్రతి ప్యాడ్ మీదా ఉంది. ఆ బాక్సుల వైరు మాత్రం మరీ పొట్టిది. టీవీకి మూరెడు దూరంలో మెడ ఎత్తి కూర్చోవాల్సిందే.

తర్వాత నెట్ సెంటర్లు, ఆ వెనకే ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. భీమవరం హాస్టళ్లలో ఒక గదిలో ఒక్కడికి కంప్యూటర్ ఉంటే చుట్టూ పదిమంది చేరేవాళ్లు. క్రికెట్ గేమైనా, ఫుట్‌బాల్ గేమైనా ఇద్దరూ ఒకే కీబోర్డు మీద ఆడేవాళ్లు. ఒకడిది ఎడమ పక్క అక్షరాలు, ఇంకొకడివి బాణం గుర్తులు. గొడవలు అక్కడే మొదలయ్యేవి. మామూలు కీబోర్డులో ఒక్కో కీకి ఒక్కో వైరు ఉండదు. అడ్డగీతలు, నిలువుగీతలుగా అల్లిన వైర్ల గడిలో కీలన్నీ పంచుకుని ఉంటాయి. ఇద్దరూ ఒకేసారి మూడు నాలుగు కీలు నొక్కితే, వాటిలో ఒకటి కంప్యూటర్‌కి చేరదు. “నేను నొక్కానురా!” అన్నవాడి మాట నిజమే, కానీ వికెట్ పోయేది. మన ప్రాంతంలో కంప్యూటర్‌కి ప్యాడ్ కావాలన్న కోరిక షోకు కోసం పుట్టలేదని, ఈ ఇరుకులోంచి పుట్టిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ సమయానికి యూఎస్‌బీ వచ్చేసింది. దాని మొదటి ప్రమాణం 1996లో వెలువడింది, విండోస్ 98తో ఇళ్లలోకి వచ్చింది. గుచ్చితే చాలు, ప్యాడ్ తనను తాను పరిచయం చేసుకుంటుంది: నాకు ఇన్ని బటన్లు, ఇన్ని దిక్కులు అని. పెద్ద మార్పే. అయితే ఆ పరిచయంలో ఒక లోటు ఉండిపోయింది. ఒకటో నంబరు బటన్ కింద ఉన్నదా పైన ఉన్నదా అన్నది ప్యాడ్ చెప్పదు. ఒక్కో కంపెనీ ఒక్కోలా నంబర్లు వేసుకుంది. మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే ఈ పద్ధతిలో ఆడేవాడే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఒక్కో బటన్ నొక్కి ‘ఇది షాట్, ఇది రన్’ అని గేమ్‌కి నేర్పాలి. బజార్లో దొరికిన చవక ప్యాడ్లన్నీ ఈ రకమే.

2005 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి టీవీ గేమ్ బాక్సు ఎక్స్‌బాక్స్ 360 అమెరికాలో విడుదలైంది. దాని ప్యాడ్‌నే విండోస్‌కి కూడా వాడుకునేలా మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఇన్‌పుట్ అనే కొత్త పద్ధతి పెట్టింది. ఇందులో నేర్పే పని లేదు. రెండు స్టిక్కులు, చూపుడు వేళ్లతో నొక్కే రెండు ట్రిగ్గర్లు, ఏ, బీ, ఎక్స్, వై బటన్లు. ఏది ఎక్కడుందో ముందే ఖాయం. ఒకేసారి నాలుగు ప్యాడ్ల దాకా పెట్టుకోవచ్చు. గేములు చేసేవాళ్లకి ప్రాణం లేచొచ్చింది. కొన్నేళ్లలోనే చాలా కొత్త గేములు ఈ పద్ధతిని తప్ప ఇంకోదాన్ని పట్టించుకోవడం మానేశాయి. నిన్నటిదాకా శుభ్రంగా ఆడిన పాత ప్యాడ్లు వాటికి కనిపించకుండా పోయాయి. మరోవైపు కొత్త ప్యాడ్‌ని పాత పద్ధతిలో వాడితే రెండు ట్రిగ్గర్లూ ఒకే లెక్కలో కలిసిపోతాయి. కారు గేమ్‌లో యాక్సిలరేటరూ బ్రేకూ ఒకేసారి నొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని, రెండూ నొక్కనట్టే అవుతుంది.

మొదట చెప్పిన కుర్రాడి సమస్యకి మూలం ఈ చీలికే. 2010లో వచ్చిన లాజిటెక్ ఎఫ్710 వైర్‌లెస్ ప్యాడ్ మీద ఇందుకోసమే ఒక చిన్న స్విచ్ పెట్టారు. ఒక పక్క ‘ఎక్స్’, అంటే ఎక్స్‌ఇన్‌పుట్. ఇంకో పక్క ‘డి’, అంటే డైరెక్ట్‌ఇన్‌పుట్. ఇప్పుడొచ్చే చవక ప్యాడ్లలో చాలావాటికి స్విచ్ లేదు. ఆ పని మధ్యలో ఉండే హోమ్ బటన్‌కి అప్పజెప్పారు. కొన్ని సెకన్లు అదిమి పడితే లైట్ల వరస మారుతుంది, ప్యాడ్ తనను ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్‌గా చెప్పుకోవడం మొదలుపెడుతుంది. బ్లూటూత్‌కి ఒక బటన్ల జత, ఫోన్‌కి ఇంకో జత. ఇదంతా డబ్బాలోని చీమతలకాయంత అక్షరాల కాగితంలో ఉంటుంది, అది డబ్బాతోపాటే చెత్తలోకి పోతుంది. అమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్క నోటితో చెబితే రిపేరు షాపుల దాకా వచ్చే తిప్పలు చాలా తగ్గేవి.

వైరు తీసేయాలన్న ప్రయత్నం కూడా పాతదే. ఎనభైల్లో టీవీ రిమోట్‌లా ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేసే ప్యాడ్లు వచ్చాయి. మధ్యలోంచి ఎవరైనా నడిస్తే ఆట ఆగిపోయేది. రేడియో తరంగాలతో పని బాగా జరుగుతుందని అందరికీ నమ్మకం కలిగించింది 2002లో నింటెండో తెచ్చిన వేవ్‌బర్డ్ ప్యాడ్. అది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది. మన దేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా తక్కువ శక్తి పరికరాలకి లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2005 జనవరిలో నిబంధనలు ఇచ్చింది. వైఫై, బ్లూటూత్, వైర్‌లెస్ మౌస్, గేమ్‌ప్యాడ్ అన్నీ ఈ ఇరుకు సందులోనే తిరుగుతాయి.

ఎక్స్‌బాక్స్ 360 వైర్‌లెస్ ప్యాడ్ ఇదే బ్యాండ్‌లో పనిచేసినా, అది బ్లూటూత్ కాదు, మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతి. కంప్యూటర్‌కి కావాలంటే విడిగా రిసీవర్ కొనాలి. కోనసీమ నుంచీ, నర్సాపురం వైపు నుంచీ కువైట్, దుబాయ్ వెళ్లినవాళ్లు సెలవుకి వచ్చేటప్పుడు పిల్లలకి ఇలాంటివి తెచ్చేవారు. దానికి వచ్చే చార్జింగ్ వైరుకి చివర యూఎస్‌బీయే ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌కి గుచ్చితే చాలనుకోవడం సహజం. గుచ్చితే చార్జింగ్ మాత్రం ఎక్కేది. ఆ వైరులో సమాచారం వెళ్లే ఏర్పాటే లేదు. మేనమామ అంత దూరం నుంచి మోసుకొచ్చిన వస్తువు అల్మారాలో ఉండిపోయేది. నకిలీ రిసీవర్ దొరికినా, విండోస్ డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి, దాన్ని నడిపే ప్రోగ్రామైన డ్రైవర్‌ని చేత్తో ఎంచి పెట్టాలి. సోనీ ప్లేస్టేషన్ 3 ప్యాడ్‌లో బ్లూటూత్ ఉన్నా, విండోస్ దాన్ని సరిగ్గా కలుపుకునేది కాదు. దానికి బయటి ప్రోగ్రాములు దించుకోవాల్సి వచ్చేది.

కాస్త ఊరట 2016లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌తో వచ్చిన ప్యాడ్‌లో మైక్రోసాఫ్ట్ మొదటిసారి బ్లూటూత్ పెట్టింది. డిసెంబరులో ప్లేస్టేషన్ 4 ప్యాడ్‌ని, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ప్రోగ్రాము నేరుగా గుర్తించడం మొదలుపెట్టింది. ఏ ప్యాడ్ తగిలించినా గేమ్‌కి అర్థమయ్యేలా స్టీమ్ మధ్యవర్తిత్వం చేస్తుంది. స్టీమ్‌లో కొనని గేమ్‌ని కూడా అందులో జతచేసుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో ఎక్స్‌బాక్స్ వన్ ప్యాడ్ కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. మధ్యలో వెలిగే గుండ్రటి బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్, ముందు పలకతో కలిసి ఒకే ముక్కగా ఉంటే దానికి బ్లూటూత్ ఉన్నట్టు. పై అంచున ఉండే బంపర్ బటన్ల ప్లాస్టిక్కే కిందికి దిగి బటన్ చుట్టూ ఉంటే లేనట్టు, దానికి మైక్రోసాఫ్ట్ 2015లో తెచ్చిన వైర్‌లెస్ అడాప్టర్ కావాలి.

అదే 2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామానికి ఏపీ ఫైబర్‌నెట్ వచ్చింది. అప్పట్లో నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్లి పెన్‌డ్రైవ్‌లో గేమ్ ఎక్కించుకొచ్చే అవసరం క్రమంగా తగ్గింది. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ని నిషేధించినప్పుడు ఫోన్ వదిలి ల్యాప్‌టాప్ వైపు చూసిన కుర్రాళ్లు ఉన్నారు. నెట్ వచ్చిందంటే రౌటర్ వచ్చినట్టే. ఒక డాబా ఇంట్లో రౌటర్, పక్కింటి రౌటర్, స్మార్ట్ టీవీ, ఇయర్‌బడ్స్ అన్నీ ఆ 2.4 సందులోనే ఉంటాయి. సాధారణ బ్లూటూత్ సెకనుకి 1600 సార్లు చానల్ మారుస్తూ, రద్దీని తప్పించుకుంటూ పోతుంది. అయినా మరీ కిక్కిరిస్తే నొక్కిన బటన్ ఆలస్యంగా చేరుతుంది. ప్యాడ్‌తో పాటు వచ్చే డాంగిల్‌కి, అంటే యూఎస్‌బీకి గుచ్చే చిన్న రిసీవర్‌కి, ఇంకో శత్రువు ఉంది. లోపల నీలం రంగు ఉండే యూఎస్‌బీ 3 సాకెట్ పనిచేసేటప్పుడు సరిగ్గా ఈ బ్యాండ్‌లోనే రొద పుట్టిస్తుందని 2012లో ఇంటెల్ తన పత్రంలోనే చూపించింది. డాంగిల్‌ని నల్ల సాకెట్‌లో పెట్టినా, మూరెడు ఎక్స్‌టెన్షన్ వైరుతో ముందుకు లాగి పెట్టినా తేడా వెంటనే తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చుకుంటే ఇంకా మంచిది.

ఇక నిజంగా చెడిపోయే ప్యాడ్ల సంగతి. స్టిక్ వదిలేసినా బొమ్మ దానంతటదే పక్కకి నడుస్తుంటుంది, దీన్నే డ్రిఫ్ట్ అంటున్నారు. విండోస్ రన్ పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని కొట్టి, ప్యాడ్ పేరు ఎంచి ప్రాపర్టీస్ నొక్కితే ఒక చదరం, అందులో చిన్న ప్లస్ గుర్తు వస్తాయి. చేయి పెట్టకపోయినా ఆ ప్లస్ నడిమధ్య నిలవకుండా వణుకుతూ ఒక మూలకి పోతుంటే జబ్బు స్టిక్‌దే. కారణం 1981 నాటిదే: కార్బన్ పూత, దాని మీద జారే నాలుక. వైరు పోయింది, సాకెట్ పోయింది, ఆ భాగం మాత్రం నేటికీ చాలా ప్యాడ్లలో అలాగే ఉంది. అరిగేకొద్దీ దాని లెక్క తప్పుతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి ఉప్పుగాలి తగిలే ఊళ్లలో దీనికి తోడు చార్జింగ్ పిన్నులు తుప్పు పడతాయి.

దీనికి విరుగుడు కూడా పాతదే. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్‌లో ఒకదాన్నొకటి రాసుకునే భాగాలు లేవు. సెగా 1996లోనే తన శాటర్న్ త్రీడీ ప్యాడ్‌లో, తర్వాత డ్రీమ్‌కాస్ట్‌లో వీటిని వాడింది. కన్సోళ్లు, అంటే టీవీ గేమ్ బాక్సులు, అమ్మే పెద్ద కంపెనీలు ఖరీదైన ప్యాడ్లలో కూడా కార్బన్‌ని పట్టుకుని వేలాడడం నాకు అన్యాయంగానే తోస్తుంది. గల్లికిట్, ఎయిట్‌బిట్‌డూ, గేమ్‌సర్ లాంటి చిన్న కంపెనీలు ఇటీవల మధ్యరకం ధరల్లోనే హాల్ స్టిక్కులు ఇస్తున్నాయి.

పాత ప్యాడ్‌కీ దారి ఉంది. స్టిక్ మాడ్యూల్ బోర్డుకి 14 చోట్ల టంకం వేసి ఉంటుంది. ఫోన్ బోర్డుల మీద చేయి తిరిగినవాళ్లకి అది పెద్ద పనేం కాదు. హాల్ మాడ్యూల్ తెప్పించి వేయమంటే వేస్తారు, వేశాక క్యాలిబ్రేషన్ మాత్రం తప్పనిసరిగా చేయించుకోవాలి. కొత్తది కొనేవాళ్లయితే షాపులో మూడు అడగండి: ఎక్స్‌ఇన్‌పుట్ ఉందా, డాంగిల్ ఇస్తున్నారా లేక ఉత్త బ్లూటూతేనా, స్టిక్కులు హాల్‌వా కార్బన్‌వా. “అన్నీ పనిచేస్తాయండీ బాబూ” అంటే ఒప్పుకోకుండా, అక్కడే ఏదో ఒక ల్యాప్‌టాప్‌కి కలిపి, ఆ చదరంలో ప్లస్ గుర్తు కుదురుగా నిలబడిందో లేదో చూసుకుని డబ్బులివ్వండి.