ఊపిరి కోసం పుట్టిన విటమిన్

విటమిన్ కె అనగానే రక్తం గడ్డకట్టడమే గుర్తుకు వస్తుంది. 1935లో డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ దానికి ఆ అక్షరాన్ని ఎంచుకున్నది కూడా అందుకే: గడ్డకట్టడాన్ని సూచించే ‘Koagulation’ అనే మాటలోని మొదటి అక్షరం అది. రక్తమే లేని బ్యాక్టీరియాకు దీనితో పనేమిటన్న ప్రశ్న నాకు అంతకన్నా ఆసక్తికరంగా తోస్తుంది. కణపొరలో ఒక ప్రోటీను నుంచి మరొక ప్రోటీనుకు ఎలక్ట్రాన్లను చేరవేసి శ్వాసక్రియను నడపడానికే బ్యాక్టీరియా విటమిన్ కె2ను, అంటే మెనాక్వినోన్‌ను, తయారు చేసుకుంటుంది. ఆక్సిజన్ దొరకని చోట పేగుల్లో ఉండే ఇ. కోలై అనే బ్యాక్టీరియా తన ఎలక్ట్రాన్లను ఫ్యూమరేట్ అనే చిన్న అణువుకు అప్పగించి బతకగలుగుతున్నది దీని చలవతోనే.

మెనాక్వినోన్ తయారీ కణంలో ఉండే కోరిస్మేట్ అనే అణువుతో మొదలవుతుంది. టైరోసిన్, ట్రిప్టోఫాన్ వంటి అమైనో ఆమ్లాలకు కూడా ఇదే మూలం. మెన్‌ఎఫ్ అనే ఎంజైము దీన్ని ఐసోకోరిస్మేట్‌గా మార్చగానే మెన్‌డి అనే మరో ఎంజైము పని మొదలవుతుంది. ఇది 2-ఆక్సోగ్లూటరేట్ అనే మరో అణువు నుంచి కార్బన్ డయాక్సైడును తొలగించి, మిగిలిన ముక్కను ఐసోకోరిస్మేట్‌కు అతికిస్తుంది. ఇందుకు విటమిన్ బి1 నుంచి వచ్చిన సహాయక అణువు తప్పనిసరి. ఒక విటమిన్ పుట్టుకకు మరో విటమిన్ కావలసి రావడం నాకెప్పుడూ అబ్బురమే. ఆ తర్వాత ఆ అణువు నుంచి పైరువేట్ అనే ముక్కను ఊడదీసేది కూడా మెన్‌డియేనని చాలాకాలం నమ్మారు. అది మెన్‌హెచ్ అనే వేరొక ఎంజైము పని అని 2007, 2008 సంవత్సరాల పరిశోధనల్లో తేలింది.

తర్వాతి ఎంజైముల్లో మెన్‌సి నీటి అణువును తొలగించి మొదటి వలయాన్ని స్థిరపరుస్తుంది, మెన్‌ఇ దానికి కోఎంజైమ్-ఎ అనే సహాయక అణువును తగిలిస్తుంది, మెన్‌బి రెండో వలయాన్ని మూసివేస్తుంది. కోఎంజైమ్-ఎ తెగిపోయాక మిగిలే జంట వలయాల అణువు ఇంకా కణద్రవంలోనే ఉంటుంది. కణపొరలో ఇమిడి ఉన్న మెన్‌ఎ దానికి కొవ్వులో కరిగే పొడవాటి తోకను తగిలించాకే అది పొరను వదలకుండా నిలుస్తుంది. ఐదేసి కార్బన్ల ముక్కలతో అల్లిన ఈ తోకలో ఇ. కోలైకి 8, బాసిల్లస్ సబ్టిలిస్ అనే మరో బ్యాక్టీరియాకు 7 ముక్కలు ఉంటాయి. తోకను చివరి దశల దాకా ఆపడం వల్ల, వలయాలను మలిచే ఎంజైములన్నీ నీటిలో కరిగే పదార్థాలతోనే పని చేయగలుగుతాయి. ఆఖరున ఇ. కోలైలో యుబిఇ ఎంజైము ఒక మిథైల్ సమూహాన్ని చేరుస్తుంది.

ఈ మెన్ ఎంజైములను తయారుచేసే జన్యువులు లేకపోయినా మెనాక్వినోన్ తయారు చేసే సూక్ష్మజీవులున్నాయి. స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే బ్యాక్టీరియాలో వాటి రహస్యం 2008లో బయటపడింది: కోరిస్మేట్ నుంచే బయలుదేరి, ఫ్యుటలోసిన్ అనే అణువు మీదుగా సాగే రెండో దారి. కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబ్యాక్టర్ పైలోరీదీ ఇదే దారి. మానవ కణాల్లో గానీ, పేగుల్లో మేలు చేసే లాక్టోబాసిల్లస్‌లో గానీ అది లేదు కాబట్టి, ఆ ఒక్క దారిని మూసే మందు కోసం పరిశోధకులు వెదుకుతున్నారు.