బోరాన్ నైట్రైడ్: ప్రయోగశాలలో వినిపించే అపోహలు, వాస్తవాలు

బోరాన్, నైట్రోజన్ మూలకాలు కలిసి ఏర్పడే, తెల్లగా, చేతికి టాల్కం పౌడరులా జారుడుగా తగిలే బోరాన్ నైట్రైడ్‌తో నాకు రోజూ పని ఉంటుంది. కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులు దీని గురించి కొన్ని నమ్మకాలతో వస్తారు. వాటి వల్ల మంచి నమూనాలు పాడవుతున్నాయి కనుక ఈ వివరణ రాస్తున్నాను.

అపోహ: ఇది ‘తెల్ల గ్రాఫైట్’ కాబట్టి గ్రాఫైట్‌లాగే ప్రవర్తిస్తుంది.

వాస్తవం: పరమాణువులు ఆరు భుజాల గళ్లుగా అమరిన మామూలు రూపానికి, అంటే షడ్భుజాకార బోరాన్ నైట్రైడ్‌కు, గ్రాఫైట్‌తో పొరల అమరికలోనూ, జారే గుణంలోనూ పోలిక ఉంది. అయితే గ్రాఫైట్ పొరలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఇక్కడ నైట్రోజన్ వైపు మొగ్గి కట్టుబడి ఉంటాయి. ఎలక్ట్రాన్ కట్టు వీడి స్వేచ్ఛగా కదలడానికి దాటాల్సిన శక్తి అంతరం (నిషిద్ధ శక్తి అంతరం) సుమారు 6 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండటం వల్ల ఇది విద్యుత్ బంధకం, అంటే విద్యుత్తును పోనివ్వదు. వేడిని మాత్రం పొర వెంబడి చక్కగా, పొరలకు అడ్డంగా చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది.

అపోహ: బోరాన్ నైట్రైడ్ క్రూసిబుల్‌ను (పదార్థాలను అధిక వేడిలో కరిగించే పాత్రను) ఎలా వాడినా ఏమీ కాదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ఆర్గాన్‌లోనో నైట్రోజన్‌లోనో 1,500 డిగ్రీల సెల్సియస్ దాటినా నిలబడే ఈ పదార్థం, గాలిలో దాదాపు 1,000 డిగ్రీల దగ్గరే ఆక్సీకరణం చెంది బోరిక్ ఆక్సైడ్‌గా మారడం మొదలుపెడుతుంది. పైగా పొడిని వేడిమీద నొక్కి తయారుచేసే చాలా క్రూసిబుళ్లలో రేణువులను అతికించే బంధనంగా ఉండేది ఆ బోరిక్ ఆక్సైడే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వర్షాకాలమంతా బీరువాలో ఉన్న క్రూసిబుల్‌ను ఒకసారి నేను నేరుగా ఫర్నేస్‌లో పెట్టి వేగంగా వేడిచేశాను. తీసి చూస్తే అడుగున వెంట్రుకవాసి పగులు, దాని చుట్టూ కరిగి కారిన అల్యూమినియం కనిపించాయి. అప్పటి నుంచి క్రూసిబుల్‌ను రాత్రంతా ఓవెన్‌లో ఆరబెట్టి, తర్వాత నెమ్మదిగా వేడి పెంచుతున్నాను. బోరాన్ ట్రైక్లోరైడ్, అమ్మోనియా వాయువుల నుంచి పొరలు పొరలుగా పేరుకునేలా చేసే పైరోలైటిక్ రకంలో ఈ బంధనం ఉండదు. గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహక స్ఫటికాలను పెంచేవారు దానినే వాడటానికి కారణం ఆ స్వచ్ఛతే.

అపోహ: గ్రాఫీన్ (ఒకే పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర) పరిశోధనలో ఇది కేవలం కింద పరిచే పీట.

వాస్తవం: పీట సరిగా లేకపోతే గ్రాఫీన్ అసలు గుణం బయటపడదు. మామూలుగా పీటగా వాడే సిలికాన్ డయాక్సైడ్ ఉపరితలంలోని ఎగుడుదిగుడులూ, చిక్కుకున్న ఆవేశాలూ ఎలక్ట్రాన్ల దారికి అడ్డుతగులుతాయి. 2010లో కొలంబియా విశ్వవిద్యాలయ బృందం గ్రాఫీన్‌ను బోరాన్ నైట్రైడ్ స్ఫటికంపై పెట్టినప్పుడు ఎలక్ట్రాన్ల చలనశీలత (అవి ఎంత సులువుగా కదులుతాయన్నది) ఎన్నో రెట్లు పెరిగింది. ఆ స్ఫటికాలను పెంచినవారు జపాన్‌లోని సుకుబాలో పనిచేసే తకాషి తానిగుచి, కెంజి వతనాబె. ఆ నాణ్యత గల స్ఫటికాల కోసం నేటికీ ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ప్రయోగశాలలు వారివైపే చూస్తాయని చెప్పడంలో అతిశయోక్తి లేదు. ఇదే స్ఫటికం 215 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిని వెలువరిస్తుందని వారు 2004లోనే చూపారు. దీనిలోని లోపస్థానాలు (పరమాణువుల అమరిక తప్పిన చోట్లు) గది ఉష్ణోగ్రత వద్దే ఒక్కొక్క ఫోటాన్‌ను, అంటే కాంతి కణాన్ని, విడుదల చేస్తాయని 2016లో తేలింది.

అపోహ: వజ్రం ఉండగా ఘనాకార బోరాన్ నైట్రైడ్‌తో పని లేదు.

వాస్తవం: 1957లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ వెంటార్ఫ్ తయారుచేసిన, పరమాణువులు వజ్రంలోలా అమరిన ఈ రూపం కాఠిన్యంలో వజ్రం కంటే తక్కువే. అయితే ఉక్కును కోసేటప్పుడు పుట్టే వేడికి వజ్రంలోని కార్బన్ ఇనుములోకి కరిగిపోయి పనిముట్టు త్వరగా అరిగిపోతుంది. బోరాన్ నైట్రైడ్‌కు ఆ ఇబ్బంది ఉండదు.